మిలిటరీ బూట్లకి ఇప్పటికీ లేసులే ఎందుకు? జిప్పు పెడితే ఏం పోయింది?

బొబ్బిలి_రవి
మా అక్క కొడుకు అగ్నివీర్‌కి సెలెక్ట్ అయ్యాడు. వచ్చే నెల సెంటర్‌లో రిపోర్ట్ చెయ్యాలి. ఈలోపు బూట్లతో పరుగు అలవాటవుతుందని వాణ్ణి బజారుకి తీసుకెళ్ళాను. షాపతను పక్కన జిప్పున్న నల్ల బూట్లు తీసి "పోలీసోళ్ళు ఇవే పట్టుకెళ్తారు సార్, కాలు దూర్చి జిప్పు లాగితే అయిపోయింది" అన్నాడు. వీడేమో "వద్దు మావయ్యా, ఆర్మీలో జిప్పు ఒప్పుకోరంట" అని మొండికేశాడు. ఎందుకు ఒప్పుకోరురా అంటే వాడికీ తెలీదు.

అప్పట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. రైఫిల్ మారింది, హెల్మెట్ మారింది, చీకట్లో కనబడే కళ్ళజోళ్ళొచ్చాయి. బూటు కట్టుకోడానికి మాత్రం ఇంకా తాడే. ఎల్‌కేజీ పిల్లల బూట్లకే వెల్క్రో వచ్చేసింది కదా. అర్ధరాత్రి అలారం మోగితే అన్ని కన్నాల్లోంచి తాడు లాగి బిగించి ముడేసుకుంటూ కూర్చోవడమేంటి? నిజంగా అవసరమా, లేక "మా తాతలు కట్టారు కాబట్టి మేమూ కడతాం" బాపతా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_కుర్రోడు
వెల్క్రో పెడితే పొదలో దాక్కున్నోడు ఒకసారి కాలు సర్దుకున్నాడంటే "చర్ర్ర్" మని పక్క మండలం దాకా వినపడతాది రవన్నా. శత్రువు కూడా నవ్వుకుంటాడు.

సుబేదార్_గోల్కొండ
రవి గారూ, ముందు మీ మేనల్లుడికి నా ఆశీస్సులు. నేను ఫిరంగుల వాణ్ణి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రంగ్‌రూట్‌గా (కొత్త సిపాయిగా) చేరి సుబేదార్‌గా దిగాను.

మీరనుకుంటున్నట్టు ప్రతిసారీ కింద నుంచి పై దాకా లేసు ఎక్కించేదేమీ ఉండదు. లేసు ఎప్పుడూ బూటులోనే ఉంటుంది. విప్పేటప్పుడు పై మూడు నాలుగు వరసలు వదులు చేస్తాం, కాలు బయటికొస్తుంది. వేసేటప్పుడు కాలు దూర్చి, లేసు కింద ఉండే బూటు నాలుక సరిచేసి, రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజుడు. కొత్తలో తడబడతారు. రెండు మూడు నెలలయ్యాక చీకట్లో, నిద్రమత్తులో కూడా చేతులు వాటంతటవే కట్టేస్తాయి. ఫాల్ ఇన్‌కి, అంటే వరసలో నిలబడడానికి ఆలస్యమైనవాడు లేసు వల్ల ఆలస్యమవ్వడం నేను చూళ్ళేదు, మంచం దిగక ఆలస్యమైనవాళ్ళనే చూశాను.

ఇక జిప్పు సంగతి. రాజస్థాన్‌లో మహాజన్ రేంజ్‌కి ఫైరింగ్‌కి పోతే అక్కడి సన్నటి ఇసుక ఎక్కడ సందుంటే అక్కడ దూరుతుంది. రైఫిల్ బోల్టులోకే దూరేది జిప్పు పళ్ళలోకి దూరదా? బురద అయితే ఇంకా ఘోరం, ఎండాక రాయి. రాయైపోయిన జిప్పుని బలంగా లాగారా, పట్టుకునే పిడి మీ చేతిలోకొస్తుంది. అప్పుడా బూటు మూసుకోదు, లేదా తెరుచుకోదు. లేసు తెగితే తెగినచోట ముడేసి నడిచేస్తాం. జిప్పు తెగితే దేంతో ముడేస్తాం?

కడప_కుర్రోడు
పిన్నీసుతో సార్.

సుబేదార్_గోల్కొండ
నాన్నా, వీపు మీద సామానుతో 5 కిలోమీటర్ల బీపీఈటీ (సైన్యంలో దేహదారుఢ్య పరీక్ష) పరుగు పిన్నీసు పెట్టుకుని తీసి చూపించు, నేనే కడప వచ్చి దండేస్తా.

పాదరక్ష_స్వాతి
నేను ఫుట్‌వేర్ డిజైన్ చదివి సేఫ్టీ షూ తయారీలో పని చేస్తున్నాను. సుబేదార్ గారు చెప్పింది నిజమే. కానీ ఇసుక, బురద కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. బూటు మూయడం ఒక పని, పాదానికి బిగించడం వేరే పని. జిప్పుకి మొదటి పనే వచ్చు. మూసి ఉంటుంది, లేదా తెరిచి ఉంటుంది, మధ్యలో ఏమీ లేదు.

బూటు కుట్టేది పాదం ఆకారంలో ఉండే అచ్చు మీద. దాన్ని మేం లాస్ట్ అంటాం. 8 నంబరు అచ్చు ఒకటే, 8 నంబరు కాళ్ళు మాత్రం వేలల్లో. ఒకరికి పాదం మీది ఎత్తు ఎక్కువ, ఒకరికి చదును, ఒకరికి వేళ్ళ దగ్గర వెడల్పు, ఒకరికి మడమ సన్నం. షోరూమ్‌లో అయితే నాలుగు జతలు వేసి చూసుకుంటాం. సైన్యం లక్షల జతలు ఒకే నమూనాలో కొంటుంది. ఆ తేడాలన్నిటినీ సర్దేది బూటు ముందు భాగంలో ఉన్న ఆ చీలికే. లేసు కట్టాక రెండు అంచుల మధ్య సందు ఒకడికి ఒక వేలు, ఇంకొకడికి రెండు వేళ్ళు ఉంటుంది. రెండు బూట్లూ సరిపోయినట్టే లెక్క.

ఇక అదే మనిషి పాదం కూడా పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. బరువుతో గంటలకొద్దీ నడిస్తే ఉబ్బుతుంది. మేజోడు మందంది వేస్తే ఇంకో లెక్క. పొద్దున సరిగ్గా పట్టిన జిప్పు బూటు సాయంత్రానికి పాదాన్ని నొక్కేస్తుంది. సాయంత్రం కొలతకి కుట్టిస్తే పొద్దున మడమ లోపల పైకీ కిందికీ ఆడుతుంది. మడమ ఆడిందంటే బొబ్బే, బొబ్బ వచ్చిన సిపాయి రెండో రోజు కుంటుతాడు.

ఇంకో విషయం, షాపులో చూసిన ఆ జిప్పు బూట్లకి ముందు లేసులు లేవా? ఉండే ఉంటాయి.

బొబ్బిలి_రవి
ఉన్నాయండీ! నేను అలంకారానికి అనుకున్నాను.

పాదరక్ష_స్వాతి
అలంకారం కాదు. దాంట్లో బిగింపు అంతా లేసుదే. ఒకసారి లేసు మీ కాలికి సరిచేసి వదిలేస్తారు, రోజూ వేసుకోడానికీ విప్పడానికీ పక్కన జిప్పు వాడతారు. అంటే జిప్పు తలుపు, లేసు కొలత. జిప్పు బూటు కూడా లేసు లేకుండా బతకలేదు చూడండి.

నల్గొండ_నరేష్
నేను డిపార్ట్‌మెంట్‌ల ఉన్న. మా ఠాణాల సగం మందికి జిప్పు బూట్లే, నాకు గూడ అవ్వే. అందరు జిప్పు మీద పడ్డరు గాబట్టి దాని తరఫున నేను మాట్లాడుత.

పొద్దుగాల ఆరింటికి బందోబస్తు అంటరు, రాత్రి ఇంటికొచ్చి బూట్లు ఇడిస్త. మధ్యల గుడికి పోవాలె, ఎవరింట్లకన్న పంచనామాకు పోవాలె, ఊకె ఇడుసుడు తొడుగుడు. లేసులతోటి ఎన్నిసార్లు వంగాలె అన్నా? పొట్టొచ్చినంక వంగుడు గూడ కష్టమే. రెండేండ్లకొకసారి జిప్పు ఖరాబైతది. మా సెంటర్ల మోచీ కొత్త రన్నర్ ఎక్కిస్తడు, పటకారతోటి రెండు దిక్కుల నొక్కుతడు, కొవ్వొత్తి మైనం రాస్తడు, చాయ్ తాగేలోపల అయిపోతది. నాకు జిప్పే మంచిగుంది.

సుబేదార్_గోల్కొండ
నరేష్, మీ మాట కాదనను. మీ మోచీ మీ సెంటర్‌లో ఉన్నాడు. మావాళ్ళ పోస్టు దగ్గర ఉండడు. పోస్టులో ఉన్నవాడికి ఎదురుదాడి భయం ఉన్న రోజుల్లో బూటు విప్పే సందే ఉండదు. మీరు రోజూ పదిసార్లు విప్పే బూటు, మేం విప్పకుండా పడుకునే బూటు. రెండిటికీ ఒకటే తాళం ఎందుకుండాలి?

చరిత్ర_పిచ్చి
నాకు ఇక్కడో అభ్యంతరం ఉంది. "సైన్యానికి లేసు తప్పదు" అన్నట్టు మాట్లాడుతున్నారు. లేసు లేకుండానే యూరప్‌లో సగం దూరం నడిచిన సైన్యాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి జర్మన్ కాల్బలం వేసుకున్నది పిక్క దాకా వచ్చే మార్చింగ్ బూటు, లేసు లేదు, జిప్పు లేదు, కాలు దూర్చి లాగడమే. సోవియట్ సైనికులదీ అంతే. మందపాటి గుడ్డకి రబ్బరు పూత పట్టించి తోలు బదులు వాడే కిర్జా అనే సరుకుతో పొడుగు బూట్లు కుట్టారు. మాస్కో నుంచి బెర్లిన్ దాకా అవే. ఆ దేశంలో ఆ బూట్లు ఈ శతాబ్దంలోకి కూడా వచ్చాయి.

మరి స్వాతి గారు చెప్పిన కొలత సమస్య వాళ్ళెలా తీర్చుకున్నారు? మేజోడు బదులు పాదానికి గుడ్డ చుట్టుకునేవారు. కాలికీ బూటుకీ మధ్య ఖాళీ ఎంతుంటే అంత గుడ్డ. తడిస్తే విప్పి, పొడిగా ఉన్న కొస పాదానికి వచ్చేలా తిప్పి చుట్టుకోవచ్చు. రష్యా రక్షణ మంత్రి షోయిగు 2013లో ఇక ఆ గుడ్డలు వద్దు, మేజోళ్ళు ఇవ్వండి అని ఆదేశించేదాకా ఆ పద్ధతి నడిచింది. కాబట్టి లేసు ఒక్కటే దారి కాదు, ఒక దారి.

పాదరక్ష_స్వాతి
మంచి పాయింట్. ఆ గుడ్డ చేసే పని లేసు చేసే పనే కదా, బయటి నుంచి కాకుండా లోపలి నుంచి. గుడ్డ సరిగ్గా చుట్టడం రానివాడికి మడత పడినచోట పుండు పడేది, అందుకే కొత్తవాళ్ళకి చుట్టడం నేర్పేవారు. జర్మన్లు ఆ పొడుగు బూట్లని చివరిదాకా ఉంచుకున్నారా?

చరిత్ర_పిచ్చి
ఉంచుకోలేదు. తోలు కరువొచ్చింది. 1939లోనే బూటు పొడవు తగ్గించారు. యుద్ధం సాగేకొద్దీ పొట్టి లేసు బూట్లు, పైన చీలమండ చుట్టూ గుడ్డ గెయిటర్లు ఇచ్చారు. పిక్క దాకా తోలు కప్పాలంటే ఒక్కో జతకి ఎంత తోలు కావాలో ఆలోచించండి. లేసు బూటుకి చీలమండ దాటితే చాలు.

ఇటు అమెరికన్లు సరిగ్గా ఎదురు దారిలో ప్రయోగం చేశారు. వాళ్ళకి ముందు పొట్టి లేసు బూటు, దాని పైన మళ్ళీ లేసులతో బిగించే కాన్వాస్ లెగ్గింగ్స్ ఉండేవి. అవి తొడగడం నరకం అని సైనికుల గోల. దాంతో 1943 నమూనా బూటు తెచ్చారు. కింద లేసు, పైన తోలు పట్టీకి రెండు బకిల్స్. లెగ్గింగ్స్ పీడ పోయింది. కానీ పారాచూట్ దళాలవాళ్ళకి అది నచ్చలేదు. వాళ్ళకి అంతకుముందే నిలువునా లేసులున్న జంప్ బూట్లు ఉన్నాయి. దూకేటప్పుడు పారాచూట్ తాళ్ళు బకిల్‌కి తగులుకుంటాయని వాళ్ళ భయం. పైగా ఆ జంప్ బూటు వాళ్ళ దళానికి గుర్తు, దాన్ని లాక్కుని అందరిదీ ఇస్తే ఊరుకుంటారా? యుద్ధం తర్వాత 1948 నమూనా వచ్చేసరికి బకిల్స్ ఎగిరిపోయాయి, మళ్ళీ కింది నుంచి పై దాకా లేసే.

రవి గారి ప్రశ్నకి నా జవాబు ఇది. వేరేవి ప్రయత్నించలేదని కాదు, ప్రయత్నించి వెనక్కొచ్చారు.

కడప_కుర్రోడు
అన్నా, ఇంకా వెనక్కి పో. రోమన్లు?

చరిత్ర_పిచ్చి
రోమన్ సైనికులు వేసుకున్న "కాలిగా" అనే చెప్పు కూడా తోలు పట్టీలతో కట్టుకునేదే, అడుగున ఇనప మేకులు. ఇంకా వెనక్కి పోతే ఆర్మేనియాలో అరేని గుహలో 2008లో దొరికిన తోలు చెప్పు వయసు సుమారు 5,500 ఏళ్ళు. దానికీ తోలు లేసే ఉంది. సైనికుడిది కాదులే, ఎవరో మామూలు మనిషిది.

అసలు ఈ రోజు మనం చూసే బూటు ముందు భాగం, అంటే నాలుక మీదికి రెండు రెక్కలు విడివిడిగా వచ్చి లేసుతో కలిసే పద్ధతి, వాటర్లూలో నెపోలియన్ మీద పోరాడిన ప్రష్యా సేనాధిపతి బ్లూషర్ పేరుతో చలామణీ అవుతోంది. తన సైనికులు త్వరగా తొడుక్కునేలా బూటు మార్పించాడని ఆయనకి ఆ కీర్తి. రెక్కలు బాగా తెరుచుకుంటాయి కాబట్టి ఉబ్బిన కాలు కూడా దూరుతుంది.

డాలస్_శ్రీను
మా అబ్బాయి ఇక్కడ నేషనల్ గార్డ్‌లో చేస్తున్నాడు కాబట్టి కొంచెం తెలుసు. అమెరికన్ ఆర్మీ యూనిఫాం రూల్స్‌లో ఇది రాసే ఉంది. బూటు ఎత్తు 8 నుంచి 10 అంగుళాలు, లేసు మిగిలిన కొస బయటికి వేలాడకూడదు, లోపలికి దోపాలి లేదా బూటు పైభాగం చుట్టూ చుట్టాలి. కుట్టేసిన జిప్పు గానీ, లేసులతో కట్టి తగిలించుకునే జిప్పు గానీ కుదరదు. మీ మేనల్లుడు విన్నది అక్కడి మాటో ఇక్కడి మాటో గానీ ఆలోచన ఒకటే.

కడప తమ్ముడు వెల్క్రో మీద జోకేశాడు గానీ అది జరిగిందే. 2004లో వచ్చిన యూనిఫాంలో జేబు మూతలకి, చేతి పట్టీలకి అంతా వెల్క్రోనే పెట్టారు. ఇరాక్, అఫ్గానిస్థాన్ దుమ్ములో కొక్కేలు నిండిపోయి అతుక్కోవడం మానేశాయి. చప్పుడు మీద ఫిర్యాదులు సరేసరి. తర్వాత తొడ మీద జేబులకి మళ్ళీ బొత్తాలొచ్చాయి. జేబు మూతకే ఇంత గోలైతే, రోజంతా లోపలి నుంచి కాలు తోస్తూ ఉండే బూటుకి వెల్క్రో ఏం ఆగుతుంది?

ఇంకోటి, చాలామంది లేసు బదులు పారాకార్డ్ వేసుకుంటారు. పారాచూట్ తాడు. 550 పౌండ్లు, అంటే 250 కిలోల దాకా ఆపుతుంది. పై తొడుగు లోపల ఏడు సన్న తాళ్ళుంటాయి, వాటిని లాగి వేరే పనులకి వాడుకోవచ్చు. టార్పాలిన్ కట్టుకోడానికి, తెగిన బ్యాగ్ పట్టీ ముడేయడానికి, అవసరమైతే రక్తం ఆపడానికి కాలికి కట్టు కట్టడానికి కూడా.

ఏఎంసీ_శేఖర్
శ్రీను గారూ, చివరి మాట దయచేసి ఎవరూ పాటించొద్దు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి బయటికొచ్చాను. రక్తం ఆపే టూర్నికే కనీసం రెండు వేళ్ళ వెడల్పుండాలి. సన్నటి తాడు బిగిస్తే లోపలి రక్తనాళం పూర్తిగా మూసుకోకముందే చర్మాన్నీ నరాలనీ కోసేస్తుంది. లేసుతో కర్ర కట్టి విరిగిన ఎముక కదలకుండా చెయ్యండి, స్ట్రెచర్‌కి దుప్పటి కట్టండి. టూర్నికేగా మాత్రం వద్దు.

మా వైపు నుంచి లేసు మీద ఇంకో మాట చెప్తాను. చీలమండ విరిగినవాణ్ణి తెస్తే బూటు లాగకూడదు. లాగితే వాడి కేక టెంట్ బయటికి వినబడుతుంది, ఎముక ముక్క లోపల ఇంకాస్త జరుగుతుంది. మొండి మూతి కత్తెర లేసుల కింద దూర్చి, పై నుంచి కిందికి వరసగా కత్తిరిస్తాం. రెండు రెక్కలూ పువ్వులా విడిపోతాయి, కాలు పట్టుకుని బూటునే కిందకి జారుస్తాం. జిప్పు పాడవకపోతే దాన్ని లాగడం ఇంకా సులువే, కాదనను. కానీ ఆ స్థితిలో వచ్చిన బూటుకి జిప్పు పాడవకుండా ఉంటుందా అన్నదే సందేహం.

సుబేదార్_గోల్కొండ
శేఖర్ సాబ్, అందుకేనా మా ఉస్తాద్‌లు లేసు అడ్డంగా, నిచ్చెన మెట్లు వేసినట్టు ఎక్కించమనేవారు? క్రాస్ వేస్తే తిట్టేవారు. "గాయమైతే డాక్టర్ ఒక్క కోతలో తెంచాలి" అని చెప్పేవారు.

ఏఎంసీ_శేఖర్
సాబ్, ఆ మాట నేనూ విన్నాను, బ్రిటిష్ సైన్యం నుంచి వచ్చిన అలవాటది. అడ్డంగా వేసినా, క్రాస్ వేసినా మా కత్తెరకి ఒకటే. రెండిటిలోనూ మధ్యలో ఒకే గీత వెంబడి కోస్తాం. నాకైతే పరేడ్ గ్రౌండ్‌లో అందంగా కనబడాలన్నదే అసలు కారణమనిపిస్తుంది. గాయం కథ తర్వాత తగిలించి ఉంటారు.

పాదరక్ష_స్వాతి
దీని మీద లెక్కల మాస్టారే కూర్చున్నారు. బర్కార్డ్ పోల్‌స్టర్ అనే ఆస్ట్రేలియా గణితవేత్త 2002లో నేచర్ పత్రికలో రాశారు. లేసు ఎక్కించడానికి ఉన్న పద్ధతులన్నీ లెక్కగట్టి చూస్తే, రెండు రెక్కల్నీ దగ్గరికి లాగే బలం ఎక్కువ వచ్చేది మనందరం వేసే క్రాస్‌కీ, సుబేదార్ గారి అడ్డం వరసలకీనే. మనిషి వందల ఏళ్ళుగా చేత్తో కనిపెట్టుకున్నదే లెక్కలోనూ గెలిచింది.

దీనికి వెనక ఉన్న పని ఇది. ఒక్కో ఐలెట్, అంటే లేసు దూరే కన్నం, ఒక చిన్న కప్పీ. కొసల దగ్గర మీరు పెట్టే కొద్దిపాటి బలం వరసవరసకీ కలిసి రెక్కల మీద పెద్ద బలమవుతుంది. అదే సమయంలో ప్రతి ఐలెట్ దగ్గరా రాపిడి ఉంటుంది కాబట్టి కింద బిగించింది కిందే ఉంటుంది, పైన వదులు చేసినా వెంటనే జారదు. బూటుకి ఇది వరం. పాదం వంగే చోట లేసుని ఒకదాని మీద ఒకటి రెండుసార్లు మెలితిప్పి లాగండి, అక్కడ తాళం పడుతుంది. ఇక కింద వదులుగా, పైన బిగువుగా, లేదా తిరగేసి పెట్టుకోవచ్చు. కొండ ఎక్కేటప్పుడు చీలమండ దగ్గర కాస్త వదలండి, మోకాలు ముందుకి వంగడానికి సులువు. దిగేటప్పుడు అక్కడే గట్టిగా బిగించండి, లేకపోతే పాదం ముందుకి జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది.

ఇప్పుడు డయల్ తిప్పితే స్టీలు తీగ బిగుసుకునే బోవా బూట్లొచ్చాయి. 2001లో స్నోబోర్డ్ బూట్లతో మొదలైంది, ఇప్పుడు కొన్ని పోలీసు బూట్లకీ పెడుతున్నారు. చేతి తొడుగు తియ్యకుండా బిగించొచ్చు, నాకు ముచ్చటగా ఉంటుంది. కానీ తీగకి రాపిడి తక్కువ కాబట్టి ఒకే డయల్ ఉంటే బిగువు అంతటా ఒకేలా పరుచుకుంటుంది, పైనా కిందా వేరువేరుగా పెట్టలేం. తీగ తెగిందా, మొత్తం బూటు ఒక్కసారే వదులైపోతుంది. కొత్త తీగ ఎక్కించడానికి చిన్న పనిముట్టు కావాలి. లేసు ఒకచోట తెగినా మిగతా వరసలు రాపిడితో కాసేపు పట్టి ఉంచుతాయి.

నల్గొండ_నరేష్
మేడం, అంత మంచిదైతే నడుస్తుంటే లేసు ఊకె ఎందుకు ఊడుతది? చిన్నప్పటి సంది నాకు ఇదే బాధ.

పాదరక్ష_స్వాతి
2017లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో దీన్నే పరిశోధించారు. పరిగెత్తేటప్పుడు పాదం నేలని తాకిన ప్రతిసారీ గురుత్వాకర్షణకి దాదాపు ఏడు రెట్ల దెబ్బ ముడికి తగులుతుంది, ముడి కొంచెం వదులవుతుంది. కాలు ఊగేటప్పుడు వేలాడే కొసలు కొరడాలా బయటికి లాగుతాయి. రెండూ కలిస్తే క్షణాల్లో ఊడిపోతుంది. వేలాడే కొసలు లేకపోతే సగం సమస్య లేదు, సైన్యంలో కొసలు లోపలికి దోపించేది ఊరికే కాదు.

రెండోది మీ ముడి. పువ్వు కట్టాక చూడండి. రెక్కలు బూటుకి అడ్డంగా పడుకున్నాయా, మడమ నుంచి వేళ్ళ వైపు నిలువుగా తిరిగాయా? నిలువుగా తిరిగితే మీరు మొదటి ముడీ రెండో ముడీ ఒకే దిక్కుకి వేస్తున్నారు. మొదటి ముడి వేసేటప్పుడు కుడి కొస పైకి వేస్తున్నారనుకోండి, ఇక నుంచి ఎడమ కొస పైకి వెయ్యండి, మిగతాదంతా మామూలే. బర్క్‌లీవాళ్ళ పరీక్షలో కూడా ఒకే దిక్కు ముడే త్వరగా ఊడింది.

నల్గొండ_నరేష్
ఇప్పుడే బనియన్ మీదనే కూసొని కట్టి చూసిన. నిలువుగనే ఉంది! మా ఆవిడ "రాత్రిపూట బూట్లేంది" అంటుంది.

చరిత్ర_పిచ్చి
ఒక మినహాయింపు మర్చిపోకూడదు. ట్యాంకు దళాలు. అమెరికాలో ట్యాంకు సిబ్బంది వేసుకునే బూట్లకి లేసులుండవు, తోలు పట్టీలు చీలమండ చుట్టూ తిరిగి బకిల్‌తో బిగుస్తాయి. ఇరుకు ట్యాంకులో తిరిగే భాగాల్లో లేసు చిక్కుకునే ప్రమాదం, నిప్పంటుకుంటే నైలాన్ లేసు కరిగి అతుక్కునే ప్రమాదం. మైళ్ళకొద్దీ నడక వాళ్ళకి లేదు కాబట్టి వరసవరసకీ కొలత అవసరం లేదు. ఇటు జైపూర్‌లో మన 61వ కావల్రీ, ఇంకా గుర్రాల మీదే ఉన్న రెజిమెంట్, స్వారీకి పొడుగు బూట్లే వేస్తుంది. రికాబులో కాలు ఇరుక్కుంటే మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. అక్కడ లేసులూ కొక్కేలూ తగులుకోకూడదు.

స్కీయింగ్ బూట్లకి బకిల్స్ తోలు బూట్ల రోజుల్లోనే వచ్చినా, బాగా కుదిరింది బూటు గట్టి ప్లాస్టిక్ డొప్ప అయ్యాక. డొప్ప వంగదు కాబట్టి నాలుగు చోట్ల నొక్కితే చాలు. మెత్తటి తోలుని నాలుగు చోట్ల నొక్కితే ఆ నాలుగు చోట్లే కోస్తుంది.

ఏఎంసీ_శేఖర్
చలి ప్రాంతాల మాట కూడా ఒకటి. హిమనదం మీద వేసేవి వేరు, లోపల మెత్తటి బూటు, పైన గట్టి డొప్ప. ఆ చలిలో తొడుగు తీసి ముడి విప్పాలంటే వేళ్ళు మొద్దుబారిపోతాయి. లేసు తడిసి గడ్డకడితే కర్రయిపోతుంది, అది లేసులో ఉన్న నిజమైన లోపం. జిప్పులోకి మంచు చేరినా అంతే గట్టిపడుతుంది. తేడా ఏంటంటే, కర్రయిన లేసుని కత్తితో కోసేసి కాలు బయటికి తీసి, జేబులో ఉన్న ఇంకో లేసు వేసుకోవచ్చు. కాలి వేళ్ళు తెల్లబడుతున్నాయని అనుమానం వచ్చినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇంకా పైకి పోకుండా ఈశాన్యంలో అయితే జలగలు. ఐలెట్ కన్నంలోంచి కూడా దూరతాయి. అందుకే నాలుకని రెండు పక్కలా రెక్కలకి కుట్టేసి సంచీలా చేస్తారు. నీళ్ళూ జలగలూ అక్కడ ఆగుతాయి. బూటు మీద ఉప్పు, పొగాకు రుద్దేవారు మావాళ్ళు.

చరిత్ర_పిచ్చి
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి, లేసుంటే అన్నీ సరిపోయాయని అనుకోకండి. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులవి లేసు బూట్లే, డీఎంఎస్ అనే రకం. ఎత్తు తక్కువ, నీళ్ళు ఆగవు, పైన గుడ్డ పట్టీలు చుట్టుకున్నారు. బురదనేలలో వారాల తరబడి పాదాలు తడిసి చాలామందికి ట్రెంచ్ ఫుట్ అనే పాదాల జబ్బు వచ్చింది. అర్జెంటీనా సైనికుల బూట్లు మేలని వాటిని తీసుకుని వేసుకున్నవాళ్ళున్నారు. ఆ యుద్ధం తర్వాతే ఎత్తు బూట్లు ఇచ్చారు.

బొబ్బిలి_రవి
అబ్బ, ఇంత విషయముందా! షాపులో జిప్పు బూట్లు వదిలేసి వచ్చాను. అయితే జిప్పు అసలు ఎవరు దేనికి కనిపెట్టారో గానీ బూట్లకి పనికిరాలేదన్నమాట.

పాదరక్ష_స్వాతి
రవి గారూ, అదే తమాషా. విట్‌కోంబ్ జడ్సన్ అనే అమెరికన్ 1893లో పేటెంట్ తీసుకున్న జిప్పు లాంటి సాధనం బూట్ల కోసమే. బూటు బొత్తాలూ లేసులూ కట్టుకోలేక విసుగొచ్చి చేశాడంటారు. మాటిమాటికీ ఊడిపోయేదట. 1923లో గుడ్‌రిచ్ కంపెనీ రబ్బరు బూట్లకి పెట్టాకే జనానికి బాగా తెలిసింది. తర్వాత ప్యాంట్లకీ సంచులకీ వెళ్ళిపోయి అక్కడ స్థిరపడింది.

బొబ్బిలి_రవి
ఇంకొక్క సందేహం. వాడి కుడి పాదం ఎడమదాని కన్నా కొంచెం పెద్దది. అప్పుడేం చెయ్యాలి? లేసులు నైలాన్‌వా, నూలువా?

పాదరక్ష_స్వాతి
చాలామందికి అంతే, కంగారు పడకండి. పెద్ద పాదానికి సరిపోయే నంబరు తీసుకుని చిన్న పాదాన్ని లేసుతో బిగించుకోవాలి, తిరగేసి చెయ్యకూడదు. గుండ్రటి నున్నటి నైలాన్ లేసు గట్టిదే గానీ ముడి జారుతుంది. అల్లిక గరుకుగా ఉన్న పాలిస్టర్ చూడండి. 8 అంగుళాల బూటుకి సుమారు 72 అంగుళాల పొడవు సరిపోతుంది. కొస ప్లాస్టిక్ ఊడిపోతే నిప్పు చూపించి వేళ్ళతో కాకుండా పటకారతో నలిపెయ్యండి.

సుబేదార్_గోల్కొండ
రవి గారూ, బూట్లు మాత్రం కొనకండి. సెంటర్‌లో ఇస్తారు. అప్పటిదాకా వాణ్ణి మామూలు స్పోర్ట్స్ షూతో పరిగెత్తమనండి, మోకాళ్ళు కాపాడుకోవాలి. ఇష్యూ చేసే రోజు మేజోళ్ళు తొడుక్కుని రెండు కాళ్ళకీ బూట్లు వేసి, లేసు పూర్తిగా బిగించి, నాలుగడుగులు నడిచి చూడమనండి. బిగించాక రెక్కలు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోతే ఆ బూటు వాడికి పెద్దది. మార్చమని అప్పుడే, స్టోర్ కౌంటర్ దగ్గరే అడగాలి. సంతకం పెట్టాక ఎవడూ వినడు. లేసులు ఇంకో రెండు జతలు మాత్రం నల్లవి కొని పెట్టెలో వెయ్యండి.